పసుపు బలపం

ఇర్యాను చంపింది ఆమె తమ్ముడు రేయో. మంచు కాలానికి మేకుల్లేని టైర్లు అంటగట్టి చంపాడు. ఇర్యా మొగుడు కౌకో నాలుగేళ్ళుగా చెబుతున్న మాట ఇది. వాదించడానికి చెప్పే మాట కాదు, ఇవాళ బుధవారం అన్నట్టు చెప్పి ఊరుకునే మాట. ఊళ్ళో ఎవరూ కాదనలేదు. ఔననీ అనలేదు, కానీ ఆ ఊళ్ళో కాదనకపోతే చాలు. ఇప్పుడు కౌకో అదే రేయో టైర్ల కొట్లో, గోడవారగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలో, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. గాజు తలుపు అవతల అతని కూతురు సాతు కారు లిఫ్టు మీదికెక్కి నాలుగు కాళ్ళూ గాలిలో వేలాడేసుకుని ఉంది. రేపు పొద్దుటికి మంచు పడుతుందని రేడియో మూడు రోజులుగా చెబుతోంది. పట్నంలో ఉన్న ఇంకో కొట్టులో రెండు వారాల దాకా ఖాళీ లేదు. ఏటా ఇంతే. అక్టోబరంతా ఒక్కడూ కదలడు, ఈసారికి చలికాలం మానేసిందేమో అన్నట్టు వేసవి టైర్ల మీదే తిరుగుతారు, రేడియోలో ఆ ఒక్క మాట వినబడగానే జిల్లా మొత్తం లేచి టైర్ల కొట్ల ముందు వరస కడుతుంది. సాతుకు ఆస్పత్రిలో పగటి డ్యూటీ. పొద్దున్న తాళాలు బల్ల మీద పెట్టి, "నాన్నా, ఆ మనిషి దగ్గర తప్ప ఎక్కడా ఖాళీ లేదు. నువ్వు వెళ్ళగలవా?" అంది. ఆ మనిషి అంటే రేయో. మామయ్య అనే పిలుపు ఆమె నోట నాలుగేళ్ళ కిందటే ఆగిపోయింది. ఆపించింది కౌకోనే. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి, "మేకులవో మేకుల్లేనివో నువ్వే ఎంచు. నువ్వేది చెబితే అదే. వెన్లా ఎక్కే కారు కదా," అంది.

వెన్లా ఎక్కే కారు కదా. ఆ మాట పొద్దుటి నుంచి అతని వెంట పడి వస్తోంది. సాతు కూతురు వెన్లాకు ఆరేళ్ళు. వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చుంటుంది, కిటికీ అద్దం మీద ఊపిరి ఊది వేలితో గుర్రాలు గీస్తుంది, అవి గుర్రాల్లా ఉండవు. వెనక సీటు. వెనక సీటు కింద వెనక చక్రం. అక్కడి నుంచి మనసును పక్కకు లాగాడు. అవతల గాలి యంత్రం బుసకొట్టి ఆగింది. రబ్బరు వాసన. ఈ వాసన ముందు తెలిసింది ఇర్యా జుట్టులో. అప్పుడీ కొట్టు వాళ్ళ నాన్నది. ఆమె ఎన్ని సబ్బులు మార్చినా, ఆవిరి స్నానాల గదిలో ఎంతసేపు కూర్చున్నా, డాన్సు హాల్లో భుజం మీద తల పెడితే కొత్త టైరు వాసనే. అతను ఆ మాటంటే ఆమె నవ్వింది. "నీ ఒంటికి ఆవుల వాసన, నా ఒంటికి టైర్ల వాసన, ఇద్దరికీ సరిపోయింది పో," అంది. నలభై ఏళ్ళు సరిపోయింది. కౌకో పల్లె బడిలో ఆరు తరగతులు చదివాడు, ఆ తర్వాత ట్రాక్టరెక్కాడు. ఇర్యా పట్నంలో చదివింది, పంచాయతీలో పని సంపాదించింది, అడవి దారుల చివర ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మందులివ్వడం, కాళ్ళు కడగడం, పొయ్యి రాజేసి రావడం. రోజుకు నూటపాతిక కిలోమీటర్లు. ఆ పనంతా కారులోనే ఉందనుకునేవాడు అతను. కాళ్ళు కడగడం ఎంతసేపు, దారే పని. ఆ దారికి టైర్లు ఎంచాల్సింది ఎవరు? మొగుడు. ఇరవయ్యేళ్ళు అతనే ఎంచాడు. మేకుల టైర్లు, ఇంకో మాట లేదు. గడ్డకట్టిన దారి మీద ఇనుప మేకు గుచ్చుకుంటుంది, గుచ్చుకున్నది నిలబెడుతుంది. ఇందులో తెలుసుకోవడానికేముంది.

ఆమెకు ఆ చప్పుడు పడేది కాదు. మంచు లేని తారు మీద మేకుల టైర్లు చేసే చప్పుడు, రేకు డబ్బాలో శనగలు పోసి రోజంతా ఊపినట్టుంటుంది. చర్చి పాటల బృందంలో ఆమెది కింది గొంతు. పాట నేర్చుకోవడానికి ఇంట్లో తీరికుండదు, టీవీ ఉంటుంది, కౌకో ఉంటాడు. అందుకని ఒక ముసలాయన ఇంటికీ ఇంకో ముసలమ్మ ఇంటికీ మధ్య, కారులో, క్యాసెట్టు పెట్టుకుని పాడుకునేది. పై గొంతు ఎవరికైనా చెవికి తగులుతుంది, కింది గొంతు దొరకాలంటే నిశ్శబ్దం కావాలి, అనేది. ఆ సంగతి తమ్ముడికి చెప్పింది. మొగుడికి చెప్పినప్పుడు మొగుడు "పాటలు వేసవిలో పాడుకో" అన్నాడు. తమ్ముడు అలా అనలేదు. "మెత్తటి రబ్బరువి వచ్చాయక్కా ఇప్పుడు, మేకులుండవు, మంచును పట్టుకుంటాయి, నీ పాట నీకు వినబడుతుంది," అన్నాడు. ఆ శరదృతువులో ఆమె కారు చప్పుడు లేకుండా ఇంటి ముందుకొచ్చి ఆగింది. కౌకో కట్టెలు కొడుతున్నాడు. వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూస్తే కారు. దొంగలా వచ్చింది. అప్పుడే అనుకున్నాడు, ఇది మంచికి కాదని. అప్పుడే అనుకున్నాడా, తర్వాత అనుకున్నాడా? అప్పుడే. ఇర్యా అద్దం దించి నవ్వుతూ, "విన్నావా?" అంది. "ఏం వినాలి?" అన్నాడు. "అదే," అంది ఆమె.

తలుపు తోసుకుని చలిగాలితో పాటు హిల్యా పెద్దమ్మ వచ్చింది. ఎనభై మూడేళ్ళు, ఊరందరికీ పెద్దమ్మే. బొచ్చు టోపీ, మగవాళ్ళ బూట్లు, చేతిలో కారు తాళం. ఎదురు కుర్చీలో కూలబడి కౌకోను ఎగాదిగా చూసింది.

"ఏరా కౌకో, దారి తప్పి వచ్చావా ఏంటి?"

"సాతు కారు," అన్నాడు.

"ఇంకో కొట్టు ఖాళీ లేదన్నమాట. ఉంటే నువ్విక్కడికి రావు. నీ మొండితనం నాకు తెలీదా? నీ పెళ్ళాం చెప్పేదిలే." ఆమె చేతి తొడుగులు పళ్ళతో లాగబోయి, పళ్ళు లేవని గుర్తొచ్చి, చేత్తో లాగింది. "ఏవి పెట్టిస్తున్నావ్? మేకులవా?"

"చూడాలి."

"చూసేదేముంది. నేనైతే మేకులవే. నా నోట్లో ఎలాగూ పళ్ళు లేవు, టైర్లకైనా ఉండొద్దూ?"

తన మాటకు తనే నవ్వింది. అతను నవ్వలేదు. అవతల రేయో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, యంత్రం నుంచి రెండు కప్పుల కాఫీ పట్టి, ఒకటి పెద్దమ్మ చేతికిచ్చి, రెండోది కౌకో పక్కనున్న చిన్న బల్ల మీద పెట్టాడు. కౌకో కప్పు వైపు చూడలేదు. రేయో జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసిందో. సూపర్ మార్కెట్లో ఎదురైతే కౌకో ఇంకో వరసలోకి మళ్ళుతాడు కాబట్టి, ఈ నాలుగేళ్ళలో అతని మొహం చూసింది లేదు, వీపే చూశాడు.

"పాతవి డిక్కీలోంచి దించాను," అన్నాడు రేయో, తలుపు చట్రానికి చెప్పినట్టు. "మేకులవే. రెండిటికి మేకులు సగం ఊడిపోయాయి, గాడి కూడా అరిగింది. రెండు బాగున్నాయి, ఇంకో రెండు చలికాలాలు వస్తాయి. రెండు కొత్తవి తెచ్చి కలిపితే సరిపోద్ది. లేదూ మేకుల్లేనివి కావాలంటే నాలుగూ మార్చాలి, అవీ ఇవీ కలపకూడదు. అప్పుడు చప్పుడు కూడా ఉండదు. చెప్పు, ఏది తెమ్మంటావో."

బావా అని కలపలేదు. ముందైతే ప్రతి మాటకీ ముందొకటీ వెనకొకటీ బావా ఉండేది.

"ఆలోచిస్తా," అన్నాడు కౌకో. రేయో తల ఊపి వెళ్ళిపోయాడు.

రెండు కొత్తవి. రెండు పాతవి. లోకంలో ఇన్ని లెక్కలుండగా మళ్ళీ ఇదే రావాలా? సాతు ఏం చేస్తుంది కారుతో, ఎక్కడ అరగదీసింది, రెండే ఎలా ఊడతాయి. నాలుగూ పోతే బాగుండేది. నాలుగూ మార్చమంటే అడగడానికేమీ ఉండదు, ఏది ముందు ఏది వెనక అని ఎవరూ అడగరు. అతని వేళ్ళు టోపీ అంచును తిప్పుతున్నాయి. ఆమె పోయిన ఏడు దుప్పి వేటకు తన జీపు గేరు పట్టేసింది. ఇర్యా కారు తీసుకుని అడవిలో దుంగల దారి పట్టాడు. చిన్న కారు, ఆ దారికి పనికిరాదని తెలుసు. రాయి టైరు పక్క గోడను కత్తిలా కోసింది. ఒకటి కోసుకుపోతే జతగా రెండు మార్చాలట. రేయో రెండు కొత్తవి రిములకెక్కించి పంపాడు, మేకుల్లేనివే, అదే రకం. మిగతా రెండూ మూడేసి చలికాలాలు తిరిగినవి. ఇర్యా వాటిని డిక్కీలోంచి దించి కొట్టం ముందు దొర్లించింది. నల్లటి కొత్త రబ్బరు, దాని మీద పసుపు మైనపు బలపంతో ఏదో రాసి ఉంది. ఏదో. ఏం రాసిందో అతనికి తెలుసు. వద్దు. కాఫీ మీద మీగడలాంటి పొర కడుతోంది. కాఫీ. చర్చి హాల్లో కాఫీ.

అంత్యక్రియల రోజు చర్చి హాల్లో పొడుగాటి బల్లలు, తెల్ల గుడ్డలు, యాలకుల రొట్టె ముక్కలు. పాటల బృందం పాడింది, కింది గొంతులో ఒక చోటు ఖాళీ. అది నిజంగా వినబడిందా, అతనికలా అనిపించిందా. రేయో కాఫీ కూజా పట్టుకుని బల్ల వెంట ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చాడు, చనిపోయింది అక్క కాబట్టి అది అతని పని. కౌకో దగ్గరకొచ్చి, "పొయ్యనా బావా?" అన్నాడు. కౌకో చేతిని కప్పు మీద మూతలా పెట్టాడు. "నా పెళ్ళాన్ని చంపినవాడి చేతి కాఫీ నేను తాగను." గట్టిగా అనలేదు. గట్టిగా అనక్కర్లేదు, ఆ హాల్లో స్పూను కింద పడితే వినబడుతుంది. సాతు పక్కనే ఉంది. రేయో నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు, అది మాత్రం కౌకో చూశాడు. మూసేశాడు. కూజా బల్ల మీద పెట్టి, కోటు తీసుకుని, మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు. చూశారా అనుకున్నాడు కౌకో. తప్పు లేనివాడైతే మాట్లాడేవాడు. నోరు లేకపోవడమే ఒప్పుకోవడం. ఆ తర్వాత ప్రతి క్రిస్మసుకూ మెట్ల మీద కాగితంలో చుట్టిన దుప్పి మాంసం ఉండేది, ఎవరు పెట్టారో పేరుండేది కాదు. కౌకో దాన్ని కుక్కకు వేశాడు. నాలుగు క్రిస్మసులూ వేశాడు. కుక్క అదృష్టం.

"చల్లారిపోయింది," అంది హిల్యా పెద్దమ్మ.

"ఏంటి?"

"కాఫీ. తాగుతావా, నన్ను తాగమంటావా? పారబోయడానికి నాకు మనసొప్పదు."

అతను భుజాలెగరేశాడు. ఆమె చెయ్యి చాచి కప్పు తీసుకుని చల్లటి కాఫీ చప్పరించింది. తర్వాత ఆమె గొంతు మార్చకుండా, వాతావరణం గురించి చెప్పినట్టే, "ఆ రోజు ఇర్యా నా కంట్లో మందు వెయ్యడానికేరా వస్తోంది," అంది. "ఆపరేషనై రెండో రోజు. కళ్ళు మూసుకుని పడుకుని కారు చప్పుడు కోసం చూస్తున్నా. చప్పుడు లేని కారు కదా, వచ్చేసిందేమో, నాకే వినబడలేదేమో అనుకుంటా పడుకున్నా. పదకొండింటి దాకా."

కౌకోకు ఆ సంగతి తెలుసు. ఆమె నోట వినడం మొదటిసారి. నవంబరు, సున్నా డిగ్రీలు, ఆకాశం మంచో వానో తేల్చుకోలేక రెండూ కలిపి దారి మీద పోసింది, అంబలిలాంటి తడిమంచు. కంకర గుంత దగ్గరి మలుపు. ఎదురుగా దుంగల లారీ. పోలీసాయన టోపీ తీసి వంటింట్లో కూర్చుని చెప్పాడు, వేగం ఎక్కువేమీ కాదు, ముందు చక్రాలు చక్కగా పట్టుకుని ఉన్నాయి, వెనక భాగం జారి తిరిగిపోయింది, ఇలాంటి అంబలి మంచులో ఎవరికైనా జరుగుతుంది. వెనక భాగం. కౌకో ఆ మాట విన్నాడు. విన్న మరుక్షణం, ఇంకా ఏడుపు కూడా రాకముందే, "మేకుల్లేని టైర్లు," అన్నాడు. "రేయో అంటగట్టాడు." ఆ మాట అంత త్వరగా ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందే సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. చెయ్యి కాలితే వెనక్కి లాక్కున్నట్టు.

అవతల రేయో పెద్దమ్మ టైర్లు గోదాములోంచి దొర్లించుకొచ్చాడు. ఊళ్ళో సగం మంది టైర్లు అక్కడే దాచుకుంటారు, వేసవిలో చలికాలపువి, చలికాలంలో వేసవివి. దేని మీద ఎవరి పేరు, ఏ మూలదో పసుపు మైనపు బలపంతో రాసిపెట్టడం వాళ్ళ నాన్న నాటి అలవాటు. పెద్దమ్మ లేచి తలుపు తీసి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఒరేయ్ రేయో, నిరుడు నువ్వు రాసిన రాత ఇంకా అలాగే ఉందేంట్రా! 'హిల్యా, కుడి వెనక'. చలికాలమంతా దీంతోనే తిరిగా కదా. పోదా ఇది? నా పేరు ఊరంతా దొర్లించుకుంటా తిరుగుతున్నానన్నమాట."

"పోదు పెద్దమ్మా," అన్నాడు రేయో వంగి నట్లు తిప్పుతూ. "మంచుకీ ఉప్పుకీ పోదు, వానకీ పోదు. మైనం కదా. పెట్రోలు గుడ్డ పెట్టి రుద్దితేనే పోద్ది. అదీ గట్టిగా రుద్దాలి."

అని, ఆగాడు. స్పానరు ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత మళ్ళీ తిరిగింది. అతను గాజు తలుపు వైపు చూడలేదు, చూడకూడదనే చూడలేదు.

పోదు. మంచుకీ ఉప్పుకీ పోదు. కౌకో మోకాలి మీంచి టోపీ కింద పడింది, తీసుకోలేదు. నాలుగేళ్ళ కిందట, ప్రమాదమైన మూడో రోజున, ఈ కొట్టు వెనక పెరట్లో, తడిమంచులో ఆమె కారు పడి ఉంది. ఈ చుట్టుపక్కల పాడైన కార్లు ఈడ్చే లారీ రేయోకే ఉంది, తన అక్క కారుకు తనే కొక్కెం తగిలించి తెచ్చాడు. ఆమె పాటల కాగితాలు తీసుకురమ్మని సాతు అడిగింది, అందుకు వచ్చాడు కౌకో. రేయో ఎదురు రాలేదు. కాగితాలు సీటు కింద దొరికాయి, తడిసి అట్టలా అయ్యాయి. కానీ అతను చూడ్డానికొచ్చింది కాగితాల్ని కాదు. ముందు చక్రాల దగ్గర వంగాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొత్త టైర్లు, ముందు, రెండూ. వాటి మీద ఉండాల్సిన పసుపు అక్షరాలు లేవు. ఎడమ దాని మీదా లేవు, కుడి దాని మీదా లేవు. మంచుకు పోయాయి, వానకు పోయాయి, దారి తినేసింది అనుకున్నాడు, లేచాడు, ఆ లేవడంలో మూడు రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా పీల్చుకున్నాడు. ఎవరికీ తెలియదు. ఆ అక్షరాలు చదివింది లోకంలో తనొక్కడే, రాసినవాడు తప్ప. 'వెనక'. అంతే రాసి ఉంది. రెండు టైర్ల మీదా పెద్ద పెద్ద అక్షరాలతో, గుడ్డివాడికైనా కనబడేలా, 'వెనక'. కొట్టం ముందు జాకీ పెట్టి, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే, అది చదివి కౌకో నవ్వాడు. వీడు నాకు చెబుతాడు. పదిహేనో ఏట నుంచి స్టీరింగు పట్టినవాడికి టైర్ల కొట్టువాడు చెబుతాడు. లాగేది ముందు చక్రం, తిప్పేది ముందు చక్రం, సగానికి పైగా ఆపేది ముందు చక్రం, ఇంటి ముందున్న ఎత్తు ఎక్కాలంటే పట్టు ఎక్కడుండాలి? వీడి నాన్న కూడా మంచివి ముందే పెట్టేవాడు, ఊళ్ళో ప్రతి మగాడూ మంచివి ముందే పెడతాడు. అరిగినవి వెనక పెట్టి, నట్లు బిగించి, పైకి లేచి చేతులు దులుపుకున్నాడు. ఇర్యా వంటింటి కిటికీలోంచి చూస్తోంది. "రేయో ఏదో రాశాడు కదా, అలాగే పెట్టావా?" అని అడిగింది. "పెట్టాను," అన్నాడు.

పెట్టాను, అన్నాడు. ఆమె నమ్మింది, చక్రాల వైపు వంగి చూడలేదు. పన్నెండు రోజులు ఆ కారు ఆమెను ఎత్తు ఎక్కించింది, ప్రతిరోజూ జారకుండా ఎక్కించింది, చూశావా అనుకుంటూ అతను కట్టెలు కొట్టాడు. పదమూడో రోజు అంబలి మంచు.

పెట్రోలు గుడ్డ పెట్టి గట్టిగా రుద్దితేనే పోద్ది. కొక్కెం తగిలించినవాడు చూశాడు. తను రాసిన రాత తనకు ముందు చక్రాల మీద కనబడింది. వాడికి వెలుగులో పెట్టి చదువుకోవాల్సిన అవసరం లేదు. పోలీసాయన కన్నా ముందు, బీమా వాళ్ళ కన్నా ముందు, సాతు కన్నా ముందు, ఆ పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని, అక్క నెత్తురు ఇంకా ఆరని కారు పక్కన, పెట్రోలు గుడ్డతో రుద్దాడు. ఎడమది. తర్వాత కుడిది. ఎంతసేపు పట్టి ఉంటుంది? ఆ తర్వాత చర్చి హాల్లో కూజా పట్టుకుని వచ్చి, "పొయ్యనా బావా?" అన్నాడు. నోరు తెరిచాడు. మూసేశాడు. నాలుగేళ్ళు మూసుకునే ఉన్నాడు. ఊరు వాణ్ణి చూస్తే పక్కకు తిరిగింది, మేనకోడలు వాణ్ణి ఆ మనిషి అంది, చనిపోయినవాళ్ళ పండుగ నాడు సమాధి మీద వాడు వెలిగించిన కొవ్వొత్తిని కౌకో బూటుతో తన్నాడు, ఒక్క ఏడాది కాదు. వాడు మాత్రం మాంసం కాగితంలో చుట్టి మెట్ల మీద పెట్టిపోయాడు.

కౌకోకు ఏడుపు రాలేదు. కృతజ్ఞత అనేది కూడా రాలేదు, అలాంటిది వస్తుందేమోనని ఒళ్ళు బిగబట్టుకున్నాడు. వచ్చింది అలసట. దుంగలు మోసిన రోజు సాయంత్రం మోకాళ్ళలో నిండే అలసట. దాని కింద కోపం, పాతది కాదు, కొత్తది. ఎవడు రుద్దమన్నాడు వీణ్ణి? రుద్దకపోతే పోలీసాయన చదివేవాడు, అడిగేవాడు, ఆ వంటింట్లోనే అంతా అయిపోయేది, తను ఒక్కసారి పడిపోయి లేచేవాడు, లేదా లేవకపోయేవాడు. వీడు దయ చూపించాడు. నాలుగేళ్ళుగా తను వీడి దయ మీద బతుకుతున్నాడు, తెలియకుండా, వీడి మీద ఉమ్మేస్తూ. అక్క మొహం చూసి చేశాడేమో. అక్క ఉంటే అలాగే చెయ్యమనేది. ఆ ముక్క ఇంకా భరించలేనిది.

"టోపీ కింద పడిందిరా," అంది హిల్యా పెద్దమ్మ తిరిగొచ్చి కూర్చుంటూ. "మొహం అలా ఉందేంటి? గుండె నొప్పా?"

"కాదు."

"సాతును పిలవనా?"

"వద్దు!"

"అరవకు. ఇర్యా నీతో ఎలా వేగిందో," అంది, తన తాళంచెవితో చెవి గోక్కుంటూ.

రేయో గుమ్మంలోకి వచ్చాడు. ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో ఏమీ లేదు. చొక్కా జేబులో మాత్రం పసుపు మైనపు బలపం, నిలబెట్టిన వేలు లాగా. "తేల్చుకున్నావా?" అన్నాడు.

నాలుగూ మార్చెయ్ అనొచ్చు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. మేకుల్లేనివి నాలుగు కొత్తవి, చప్పుడుండదు, వెన్లా పాటలు పాడుకుంటుంది, ఏది ఎక్కడో అడగరు, రాయరు, చదవరు. తప్పించుకునే దారి ఎంత సులువుగా ఉందో. రెండు మంచి టైర్లు పారేసి మరీ. కానీ నాలుగూ ఎందుకు మార్పించాడో ఈ గుమ్మంలో నిలబడ్డవాడికి తెలుస్తుంది. చచ్చేదాకా తెలిసే ఉంటుంది.

"మేకులవి," అన్నాడు కౌకో. "రెండు చాలు."

"సరే." రేయో వెంటనే కదల్లేదు. కొట్టు పెట్టిన నాటి నుంచి ఆ కొట్లో ఎవరూ అడగని మాట, అడగక్కర్లేని మాట, అతను నేల వైపు చూస్తూ అడిగాడు. "కొత్తవి ఎక్కడ బిగించమంటావ్?"

గాలి యంత్రం ఆగి ఉంది. హిల్యా పెద్దమ్మ కప్పు అడుగున మిగిలిన చక్కెర స్పూనుతో గీకుతోంది.

"వెనక," అన్నాడు కౌకో.

రేయో తలెత్తాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇర్యా కళ్ళే. ఎందుకు మర్చిపోయాడో, వాడి కళ్ళు ఇర్యా కళ్ళే. "బావా..." అన్నాడు రేయో.

"పని చూడు."

రేయో ఇంకో క్షణం నిలబడి, వెళ్ళాడు. గాజు అవతల కొత్త టైర్లు రెండూ దొర్లించుకొచ్చి, జేబులోంచి బలపం తీసి, రాశాడు. ఇక్కడే బిగించేవాటి మీద రాయాల్సిన అవసరం లేదు. అయినా రాశాడు. పెద్ద అక్షరాలు. తర్వాత కారు కింద చెయ్యి తిప్పుతూ ఉండిపోయాడు, వీపు ఇటు పెట్టి. భుజాలు కదిలాయి, నట్లు బిగించడానికో దేనికో. కౌకో వంగి టోపీ తీసి దులిపి పెట్టుకున్నాడు.

తాళాలిస్తూ రేయో, "యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించాలి. తీసుకొస్తావా?" అన్నాడు.

"నేను బిగించుకోగలను."

"తెలుసు," అన్నాడు రేయో.

బయట మూడు గంటలకే వెలుగు పల్చబడింది. ఆకాశం బూడిద రంగు, చుక్క మంచు లేదు ఇంకా. తారు మీద మేకులు గలగలలాడాయి, ఆ శబ్దం కారంతా నిండింది. మలుపు దగ్గర ఫోను మోగితే పక్కకు ఆపాడు. కంకర గుంత మలుపు కాదు, దానికి ముందుది.

"అయిందా నాన్నా? ఏవి పెట్టించావ్?"

"మేకులవి. రెండు కొత్తవి."

"ఆ మనిషి ఏమైనా అన్నాడా?"

కౌకో అద్దంలోంచి వెనక సీటు చూశాడు. ఎడమ పక్క కిటికీ మీద గుర్రం మరక. చెప్పాల్సిన మాట ఒక్కటే, చిన్నది, గొంతులోనే ఉంది. సాతు మళ్ళీ అడిగింది, "నాన్నా?" ఆ పిలుపులో ఇప్పటికీ చిన్నప్పటి నమ్మకమే, వంటింటి కిటికీలోంచి ఇర్యా చూసిన నమ్మకమే. ఆ మాట మింగాడు. గరగరలాడుతూ దిగింది.

"శనివారం పండుగకి అమ్మ సమాధి దగ్గరికి మీ మామయ్య వస్తాడు, కొవ్వొత్తి పెట్టడానికి," అన్నాడు. "పెట్టనీ. ఇంటికి రమ్మను. కాఫీ పెట్టు."

"మామయ్యా? నాన్నా, నువ్వేగా అన్నావ్, అమ్మను ఆయనే..."

"అన్నాను. ఇక అనను. నువ్వూ అనకు."

"ఎందుకు? ఏం జరిగింది అక్కడ?"

"సాతూ, విను. ఆ సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నువ్వు ఎత్తినా నేను చెప్పను. నేను పోయేటప్పుడు మంచం పక్కన కూర్చుని అడిగినా చెప్పను."